ఏ పరభాష నేర్వవలెను?

"పరభాషలలో దేనిని నేర్చిన మిక్కిలి ప్రయోజనము?" అను ప్రశ్న యిప్పుడు మన యిండ్లలో తఱచుగా వినవచ్చుచున్నది. పూర్వ మది మగవారి యుద్యోగములకు సంబంధించిన ప్రశ్నగా నుండెడిది. ఇప్పు డట్లు గాదు. నర్సు చదువు ముగించిన కూతురు జర్మనీకి పోదునా, జపానుకు పోదునా యని తల్లి నడుగుచున్నది. కనడాలో స్థిరనివాసము గోరు కోడలు, ఫ్రెంచి వచ్చిన మేలట యని అత్తగారికి ఫోనులో జెప్పుచున్నది. పనికై కువైటునకు బోవు పొరుగింటి యామె, అక్కడ నేమని మాటాడవలెనో యని దిగులుపడుచున్నది. అమెరికాలో బుట్టిన మనుమల యింగ్లీషు తనకు దెలియక, తన తెలుగు వారికి దెలియక, ఒక ముసలమ్మ ఫోను చేతబట్టుకొని నవ్వి యూరకుండుచున్నది. ఈ నలుగురి యక్కఱయు నొకటి గాదు. అట్లయ్యును లోకులు నలుగురికిని ఒకే జవాబు చెప్పుటకు వెనుదీయరు.

ఆ జవాబు సాధారణముగా నిట్లుండును: "ఎక్కువమంది మాటాడు భాషను నేర్చుకొనుడు." వినుట కిది సబబుగానే తోచును. చీనా భాష మాటాడువారు నూఱు కోట్లకు మించియున్నారు. ఐక్యరాజ్యసమితి తన వ్యవహారములకు అరబ్బీ, చీనా, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యను, స్పానిషు అను ఆరు భాషలను స్వీకరించియున్నది. అయితే ఈ లెక్కను బట్టి మన మొక భాష నెన్నుకొనుట, గంగాళము పెద్దది గదా యని దానిలో పోపు వేయుట వంటిది. ఏమి వండవలెను, ఎందఱికి వడ్డింపవలెను అని చూచి కదా యిల్లాలు పాత్రను దించుకొనును!

ఈ విషయమున మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిదని మేము తలంచుచున్నాము. ఆ భాషలో మాటాడవలసినది ఎవరితో? మాట రాకపోయినచో గలుగు నష్ట మెవరిది? దానికై దినమున కెంత కాలము వెచ్చింపగలము? మొదటి ప్రశ్న భాషను జూపును; రెండవది తొందరను జూపును; మూడవది ఎంతవఱకు నేర్వగలమో జూపును. ఈ మూడింటికి జవాబు చెప్పుకొనక పాఠములకు రుసుము చెల్లించినవారు రెండు నెలలలో పుస్తకము మూసివేయుటను మేము పెక్కుమాఱులు చూచియున్నాము.

ఇట్లు చెప్పుటకు మాకేమి యర్హత యని సోదరీమణు లడుగవచ్చును. మేము కళాశాలలో జదివినవారము గాము. చిన్ననాడు తండ్రిగారు ఇంటనే శబ్దమంజరిని, అమరమును, పిమ్మట రఘువంశమున కొన్ని సర్గలను, బాలవ్యాకరణమును చెప్పిరి. మా యింటివారు పాఠశాలలో ఉపాధ్యాయులు. కడప సీమ పల్లెలలో అయ్యవారి యిల్లనగా ఊరివారికి వచ్చిన కాగితములన్నియు చదివించుకొను చోటు. రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి కువైటునకు బోవు స్త్రీలు వేలకొలది. గోదావరి సీమ మాటయు నంతియే. వారి పత్రములు మా యింటి యరుగు మీదికి వచ్చుటచేతనే పరభాషల విషయము మాకు వినోదముగాక యక్కఱయైనది.

ముందుగా ఇంగ్లీషు మాట. దీనిని పరభాష యనవలెనా యని కొందఱు సంశయింతురు. పుట్టుకచే పరభాషయే గాని వాడుకచే మన గడప దాటి లోనికి వచ్చినది. మందుసీసా మీది యక్షరములు, బ్యాంకు కాగితములు, పిల్లల పాఠ్యపుస్తకములు, వీనిలో దేనిని జూచుటకైనను కొంత యింగ్లీషు కావలెను. కావున ఏ దేశమునకును పోని గృహిణికి ఇంగ్లీషు చదువుటయే మొదటి యక్కఱ. చదువుట యని యేల యంటిమనగా, మనలో ననేకులు మాటాడుటకు సిగ్గుపడి చదువుటను గూడ మానివేయుచున్నారు. మందుచీటీ చదువుటకు ఉచ్చారణ చక్కగా నుండ నక్కఱలేదు. గడువు తేదీ యెప్పటిదో, దినమున కెన్నిమాఱులు వేసికొనవలెనో, అన్నమునకు ముందో వెనుకో తెలిసిన చాలును. మనుమలతో మాటాడగోరు ముసలమ్మకు మాత్రము మేమింకొక మాట చెప్పుదుము. తాను ఇరువది యింగ్లీషు వాక్యములు నేర్చిన, వారు ఇరువది తెలుగు వాక్యములు నేర్వవలెనని పందెము వేయవలెను. పిల్లలకు పందెమనిన నిష్టము. ఇరువైపులవారును నడచినచో దారి సగమగును.

ఇక నుద్యోగమునకై భాష నేర్చువారి సంగతి. మా యక్కగారి కూతురు నర్సు చదువు ముగించి రెండేండ్లు ఆసుపత్రిలో పనిచేసిన పిదప, జర్మను భాషయా, జపాను భాషయా యను సంశయము మా యింట నొక వేసవి యంతయు చర్చకు వచ్చెను. "పిన్నీ, జపానుకైతే చిన్న పరీక్ష చాలునట. జర్మనీకి పెద్ద పరీక్ష కావలెనట. నా స్నేహితురాలు చిన్నదే వ్రాయుచున్నది. నేనును అదే వ్రాయుదునా?" అని యామె యడిగెను. ప్రశ్న సహజమే. మేమిద్దఱమును కూర్చుండి విచారించితిమి.

ఐరోపా దేశములందు భాషాజ్ఞానమును ఏ-1 మొదలు సి-2 వఱకు ఆరు మెట్లుగా విభజించియున్నారు. ఐరోపా కౌన్సిలు ఈ పద్ధతిని 2001లో ప్రకటించెను. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందుటకు సాధారణముగా నాలుగవ మెట్టైన బి-2 కావలెను. జపానువారి పరీక్షకు మెట్లైదు. వానిలో ఎన్-5 మొదటిది, ఎన్-1 కడపటిది. ఆ దేశము 2019లో ప్రవేశపెట్టిన ప్రత్యేక నైపుణ్య వీసాపై వృద్ధుల సంరక్షణకు బోవువారికి, రెండవ మెట్టైన ఎన్-4 పాటి భాషయు, సంరక్షణకు సంబంధించిన పరీక్షలును చాలును. అయితే ఆ పని నర్సు పని గాదు. వృద్ధులకు స్నానభోజనాదులందు తోడ్పడు పని. గౌరవమైన పనియే, కాని వేఱు పని. జపానులో నర్సుగానే యుండదలచినచో ఆ దేశపు జాతీయ పరీక్షను జపాను భాషలోనే వ్రాసి నెగ్గవలెను. కావున చిన్న పరీక్ష తొలి గడపను మాత్రమే దాటించును. ఇన్నేండ్లు నేర్చిన విద్యను నిలుపుకొనుట ముఖ్యమా, త్వరగా బయలుదేరి యింటి యప్పు తీర్చుట ముఖ్యమా యనునది తేలినగాని భాష తేలదు. ఆ జవాబు పిల్లయే చెప్పవలెను గాని పిన్నమ్మ చెప్పరాదు. ఆమె నాలుగు దినము లాలోచించి, "నేను నర్సునే" యని జర్మను నెన్నుకొనెను.

ఆ పాఠములు ఫోనులో జరుగుచుండగా మేమును కొన్ని దినములు పక్కన గూర్చుంటిమి. జర్మను నామవాచకములకు మూడు లింగములు. ఆడపిల్ల యను నర్థముగల "మేడ్‌షెన్" నపుంసకలింగమని విని మా యమ్మాయి మిక్కిలి నవ్వెను. మాకు వింతగా దోచలేదు. సంస్కృతమున ఇల్లాలిని జెప్పు మాటలలో భార్యాశబ్దము స్త్రీలింగము, కళత్రశబ్దము నపుంసకలింగము, దారశబ్దము పుంలింగము, అదియు నిత్యబహువచనము. ఒక్క యిల్లాలికే మూడు లింగములు గల భాష నెఱిగినవారిని జర్మను భయపెట్టజాలదు. విభక్తులు చూడబోయిన నాలుగే. పొడుగైన మాటలన్నియు సమాసములే. "క్రాంకెన్‌హౌస్" అనగా రోగుల యిల్లు, ఆసుపత్రి. "హాండ్‌షూ" అనగా చేతి జోడు, అనగా చేతితొడుగు. విగ్రహవాక్యము చెప్పించిన తోడనే మా యమ్మాయికి మాటలు కుదురుకొనసాగినవి. పాత చదువు పనికిరాదనువారికి మేమీ మాట విశేషముగా విన్నవించుచున్నాము. చిన్ననాడు విభక్తులు వల్లించిన స్త్రీ తన పిల్లల కే పరభాషా వ్యాకరణమునందైనను తోడు గూర్చుండగలదు.

ఈ సందర్భమున నొక హెచ్చరిక. ఒక మధ్యవర్తి మా యక్కగారి యింటికి వచ్చి, "మూడు మాసములలో బి-2 చేయించెదను" అని పెద్ద మొత్తము నడిగెను. ఇట్టి మాటలను తూచుటకు లెక్క చాలును. ఆరంభమునుండి బి-2 వఱకు ముప్పావు గంట చొప్పున సుమారు 600 మొదలు 800 పాఠములు పట్టునని జర్మను బోధకుల యంచనా. దినమునకు ఐదు పాఠముల చొప్పున, వారమున కాఱు దినములు చదివినను మూడు మాసములలో నగునవి 390 మాత్రమే. మిగిలినవి యెక్కడినుండి వచ్చును? మా యక్కగారు ఈ లెక్కను కాగితముపై వేసి యతని ముందుంచగా, అతడు మరల వత్తునని లేచిపోయెను, మరల రాలేదు.

ఇట్లనుటచే జపాను భాష తక్కువదని మా భావము గాదు. నిజమునకు తెలుగువారి నాలుకకు దాని వాక్యము మిక్కిలి అనుకూలమైనది. కర్త, కర్మ, క్రియ యను వరుస మనదే. విభక్తి ప్రత్యయములు మాట వెనుకనే వచ్చును. పెద్దలతో నొక తీరున, సమానులతో నొక తీరున మాటాడుటయు నున్నది. "గొహాన్" అనగా వండిన అన్నము. భోజనమునకును అదే మాట. మనము "అన్నము తింటిరా?" యని భోజనము సంగతి యడుగుట లేదా! వారి యక్షరమాల "అ, ఇ, ఉ, ఎ, ఒ" యని మొదలై, క, స, త, న, హ, మ, య, ర, వ వరుసలుగా సాగును. ఈ క్రమము బౌద్ధ భిక్షువుల సంస్కృతాక్షర పఠనము మూలముగా నక్కడ కుదిరినదని పండితు లందురు. కష్ట మంతయు చీనానుండి తెచ్చుకొన్న చిత్రాక్షరములలో నున్నది. నిత్యవ్యవహారమునకై ఆ ప్రభుత్వము 2010లో నిర్ణయించిన పట్టికలో నవి 2136. అమెరికా దౌత్యోద్యోగులకు భాషలు నేర్పు సంస్థవారు ఫ్రెంచి, స్పానిషు భాషలకు సుమారు 600 మొదలు 750 తరగతి గంటలును, అరబ్బీ, చీనా, జపాను, కొరియా భాషలకు 2200 గంటలును పట్టునని లెక్కవేసిరి. ఆ లెక్క యింగ్లీషు మాతృభాషగా గలవారిది. మన తెలుగు పిల్లలు దానిని జూచి ముందుగానే బెదరిపోరాదు.

ఫ్రెంచి గూర్చి కొంచెము చెప్పి ముగించెదము. గోదావరి తీరమున కాకినాడకు చేరువనున్న యానాము 1954 వఱకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. కావున ఆ భాష తెలుగువారి పెరటిలో నొకప్పుడు వినబడినదే. నేడు కనడాకు వలసపోగోరువారికి దాని యుపయోగము మెండు. ఆ దేశము 2023 నుండి ఫ్రెంచి చక్కగా వచ్చినవారిని ప్రత్యేకముగా నొక వర్గముగా నెన్నుకొనుట ప్రారంభించెను. కనడా తలంపు లేనివారు ఫ్యాషను కొఱకు దానికై సొమ్ము వ్యయము చేయ నక్కఱలేదు.

ఇక మా హృదయమునకు మిక్కిలి దగ్గఱయైన అరబ్బీ సంగతి. పెద్ద చదువులవారి పట్టికలలో దీని పేరు కడపట గాని కనబడదు. కాని మా సీమలో మాట రాకపోవుటవలన స్త్రీలు పొందు నష్టము మఱి యే భాషలోను ఇంత లేదు. జర్మనీకి పోవు పిల్ల పరీక్ష తప్పిన నింటనే యుండును. కువైటునకు బోవు నామెను ఏ పరీక్షయు నడ్డగించదు. భాష రాకయే పోవును; పోయిన పిదప పరీక్ష ప్రతిదినమును జరుగును.

మా వీధిలోని యొకామె యిదివఱకు రెండేండ్లు అక్కడ నొక యింట పనిచేసి వచ్చెను. ఆమెకు కడుపునొప్పి తఱచుగా వచ్చెడిది. నొప్పి యని చెప్పుటకు మాట లేదు. పొట్ట పట్టుకొని చూపినచో, ఆ యింటి యజమానురాలు ఆకలి యని తలంచి రొట్టె పెట్టెడిదట. తినలేక పక్కకు బెట్టినచో అలుక యని తలంచెడిదట. ఆ యజమానురాలు దుర్మార్గురాలు గాదని ఈమెయే చెప్పును. ఇరువురి నడుమను ఒక్క మాట లేకపోయెను. నాలుగు మాసముల తరువాత ఈమె మూర్ఛిల్లిన నాడు గాని ఆసుపత్రి ముఖము చూడలేదు.

ఇప్పుడామె కూతురి పెండ్లి యప్పు తీర్చుటకై మరల పయనమగుచు, "అయ్యవారమ్మా, నాకు పది మాటలు చెప్పించు" అని మమ్మడిగెను. మాకు అరబ్బీ రాదు. మా పొరుగున నున్న ముసల్మాను అక్కయ్యకు చిన్ననాడు ఖురాను చదువుట నేర్పిరి. ఆమె యక్షరములను తప్పులేక చదువును గాని యర్థము దెలియదు. మనలో శ్లోకములు కంఠస్థములై యర్థము దెలియనివారు లేరా, అట్లే. ఆమె యక్షరజ్ఞానమును, మా వ్యాకరణజ్ఞానమును, ఫోనులోని పాఠములును గలిపి ముగ్గురమును మాపటి వేళ నరగంట చొప్పున గూర్చుండసాగితిమి.

అప్పుడు మాకు గలిగిన మొదటి యాశ్చర్యము, సగము మాటలు మన వీధిలోనివే యగుట. జవాబు, హక్కు, వకీలు, దావా, అసలు, బాకీ, వసూలు, తారీఖు, ఖాళీ, ఇవి యన్నియు అరబ్బీనుండి పారసీ ఉర్దూల మీదుగా తెలుగునకు వచ్చినవే. రెండవది, మనకు ధాతువు లున్నట్లు వారికిని ధాతువు లుండుట. క, త, బ అను మూడు హల్లులు వ్రాతకు సంబంధించినవి. వానినుండి "కితాబు" పుస్తకము, "కాతిబు" వ్రాయువాడు, "మక్తూబు" వ్రాయబడినది, "మక్తబు" కార్యాలయము. పనివారిని దెచ్చు కార్యాలయమును అక్కడ మక్తబనియే యందురు. మూడవది, గ్రాంథికమైన అరబ్బీలో సంస్కృతమునందు వలె ఏకవచన ద్వివచన బహువచనము లుండుట.

అయితే గ్రంథములలోని అరబ్బీ వేఱు, కువైటు యింటిలో మాటాడునది వేఱు. మన కావ్యభాషకును వాడుకకును గల దూరమువంటిదే యిదియు. పనికి బోవు నామెకు ముందుగా వాడుకయే నేర్పవలెను. మేమేర్పఱచిన మాటలలో మొదటిది "లా", అనగా కాదు. రెండవది "మా అబీ", అనగా నాకు వలదు. పిమ్మట "బత్నీ" నా కడుపు, "రాసీ" నా తల, "తఅబానా" అలసితిని, "ముస్తష్ఫా" ఆసుపత్రి, "రాతిబు" జీతము, "ఇజాజా" సెలవు, "జవాజు" పాస్‌పోర్టు, "సఫారా" రాయబార కార్యాలయము. అలసితినని మగవాడు చెప్పిన "తఅబాన్" అనును. స్త్రీ "తఅబానా" యనవలెను. నీవు అనుటకు పురుషుని "ఇంత" యనియు, స్త్రీని "ఇంతి" యనియు పిలుతురు. ఇది చెప్పగా మేము నవ్వు నాపుకొనలేకపోతిమి. మన కావ్యములలో ఇంతి యనగా స్త్రీయే గదా! ఆ మాట యామె యిక నెన్నడును మఱవదు.

ఇంతలో ఆమె పత్రము ఫోనులో వచ్చెను. అంతయు అరబ్బీయే. ఖురానులో ప్రతి యక్షరమునకును స్వరచిహ్నము లుండును, వ్యవహారపత్రములలో నుండవు. కావున అక్కయ్య తడబడెను. ఫోనులోని యనువాదయంత్రమునకు జూపగా, అది యచ్చుపాఠమును చదివెను గాని చేతితో వ్రాసిన యంకెలను విడిచివేసెను. ముఖ్యమైనవి యా యంకెలే. అక్కడి యంకెలలో ఐదు మన సున్న వలె గుండ్రముగా నుండును. సున్న యొక చుక్క. అక్షరములు కుడినుండి యెడమకు సాగినను అంకెలు మనవలె ఎడమనుండి కుడికే సాగును. నెలకు నూట యిరువది దీనారములని మధ్యవర్తి చెప్పియుండెను. పత్రమున నున్నది ఒకటియు, రెండు చుక్కలును; అనగా నూఱే.

ఆమె మధ్యవర్తికి ఫోను చేసి, "ఒకటి పక్కన రెండు చుక్కలున్నవి గదన్నా, ఇరువది యెక్కడ?" అని యడిగెను. అతడు, మిగిలినది చేతికిత్తురనెను. "చేతికిచ్చునది కాగితమున వ్రాయుటకేమి?" యని యామె పట్టుబట్టెను. వివాదము వచ్చినచో ఆ దేశములలో సాధారణముగా అరబ్బీ పాఠమే ప్రమాణము. మూడు వారములు పయనము నిలిచెను. ఇంట తొందరపెట్టినవారును గలరు. ఆమె సంతకము చేయలేదు. పిమ్మట సరిచేసిన పత్రము వచ్చినది. ఆ రాత్రి ఆమె ఒకటి, రెండు, చుక్క యని ముమ్మాఱు వ్రేలు పెట్టి చదివి, పత్రమును దేవుని పటము వెనుక దాచెను. నెలకు ఇరువది దీనారముల భేదము రెండేండ్లకు 480 దీనారములు. ఒక చుక్కకును ఒక యంకెకును గల భేద మది.

మఱియొక విషయము. కువైటు ప్రభుత్వము 2015లో 68వ సంఖ్యగల చట్టమును ఇంటిపనివారికై చేసెను. దానిని బట్టి వారమున కొక దినము సెలవు, దినమునకు 12 గంటలకు మించని పని, సంవత్సరమునకు 30 దినముల జీతముతోడి సెలవు ఉండవలెను. యజమాని పాస్‌పోర్టు నుంచుకొనరాదు. చట్ట మున్నంత మాత్రమున నన్నియు జరుగునని మేమనము. కాని జవాజు అను మాటయే రానివారు జవాజు నిమ్మని యెట్లడుగుదురు? హక్కు అనునది వారి మాటయే, మనకును వచ్చినదే. దానిని వారి నోటి తీరున బలుకుట నేర్చిన నొక యాధారము కలుగును.

"చేతిలో ఫోనుండగా ఈ శ్రమ యేల?" యని యడుగువారు గలరు. ఫోనును విడువుమని మేము చెప్పము. మా పాఠములలో సగ మదియే చెప్పినది. అయినను దానికి విద్యుత్తు కావలెను, తీగలేని సంబంధము కావలెను, ముఖ్యముగా అది మన చేతిలో నుండవలెను. కొన్ని యిండ్లలో పనివేళ ఫోను తీసి దాతురు. నాలుక మీది మాట నెవ్వరును దాచలేరు.

మఱికొందఱు, "మా యింటిపనితో కాలమెక్కడిది?" యందురు. దినమున కరగంట చాలును. ఆ యరగంటలో పదిమాటలు వ్రాయుటకంటె మూడు వాక్యములు బిగ్గరగా పలుకుట మేలు. పప్పు రుబ్బుచు పలుకవచ్చును, బట్టలు మడుచుచు పలుకవచ్చును. ఒంటరిగా నేర్చినది త్వరగా మాయమగును, తోడొకరున్నచో నిలుచును. ఒక మాసము జర్మను, ఒక మాసము జపాను, పిమ్మట ఫ్రెంచి యని మార్చువారికి నమస్కారములు మాత్రము వచ్చును. ఒక భాష నెన్నుకొని, దానిలో నొప్పి చెప్పుట, వెల యడుగుట, కాదనుట, కృతజ్ఞత దెలుపుట యను నాలుగును వచ్చువఱకు దానిని విడువరాదు.

ప్రయోజన మనగా జీతమే యని మా యభిప్రాయము గాదు. తల్లి యొద్ద సంస్కృతము నేర్చిన పండిత రమాబాయి, 1883లో ఇంగ్లండునకు బోయి, పిమ్మట హీబ్రూ గ్రీకు భాషలను గూడ నభ్యసించి, వానినుండి క్రైస్తవుల గ్రంథమును మరాఠీలోనికి దెచ్చెను. వంగదేశపు తోరుదత్తు ఫ్రెంచి కవితలను ఇంగ్లీషులోనికి మార్చి 1876లో ప్రకటించి, సంస్కృతాభ్యాసమును సాగించుచుండగనే మఱుసటి యేట, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున గతించెను. మా సీమకే 1820లో ఉద్యోగమునకై వచ్చిన బ్రౌను దొర, పనికై నేర్చిన తెలుగును ప్రేమించి, 1829లో వేమన పద్యములను ఇంగ్లీషుతో గూడ నచ్చువేయించెను. కడపలో నాయన పేర గ్రంథాలయ మిప్పటికిని గలదు. అక్కఱకై మొదలిడిన భాష ఆనందమునకు దారితీయుట కిట్టి నిదర్శనములు చాలును. మా ముసల్మాను అక్కయ్యయు, ఇన్నేండ్లు అర్థము దెలియక చదివిన ప్రార్థనలో ఇప్పు డొక్కొక్క మాట తెలియుచున్నదని చెప్పి కన్నులు తుడుచుకొనెను.

కావున సోదరీమణులారా, ఏ భాష గొప్పదని యొరుల నడుగకుడు. మీ యింటివా రెక్కడికి బోవుచున్నారో, మీ వీధివారి కాగిత మే భాషలో వచ్చుచున్నదో చూడుడు. అదియే మీరు నేర్వదగిన భాష. చదువు వచ్చిన స్త్రీలు ప్రతి యూరను ఇద్దఱు ముగ్గురు చేరి, పయనమునకు సిద్ధమైన యొక్కరికైనను అంకెలును, పది మాటలును నేర్పవలెనని కోరుచున్నాము. మా యరుగు మీద ఇప్పుడు నలుగురు కూర్చుండుచున్నారు. సున్నను చుక్కగా వ్రాయుటతో మొదటి పాఠము ప్రారంభించుచున్నాము.